ఏడు డిస్కుల పరీక్ష

చవక వస్తువు కొనడం తేలికే. అది చవకదో, చవకబారుదో తేల్చుకోవడమే కష్టం. అట్టపెట్టె మీద రాసింది చదివితే తేలదు. కొట్టువాణ్ని అడిగితే అసలే తేలదు. పక్కింటివాళ్లను అడిగితే వాళ్లు కొన్నదే మంచిదంటారు.

2006 వేసవిలో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఓ రెండు గదుల వాటాలో ఈ చిక్కే వచ్చిపడింది. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. ఎయిడెడ్ స్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో 21 అంగుళాల కలర్ టీవీ ఉంది, కేబుల్ ఉంది. సినిమాల మీద ఆయనకు పెద్ద మోజు లేదు. అయినా డీవీడీ ప్లేయర్ కావాల్సివచ్చింది. న్యూజెర్సీలో ఉన్న కూతురు మనవడి ఆటపాటలన్నీ ఓ డీవీడీలోకి ఎక్కించి పంపింది. అది వచ్చి నెల దాటింది. మాస్టారి భార్య రోజూ ఆ డిస్కు తీసి అటూ ఇటూ తిప్పి చూస్తుంది. అందులో మనవడు ఎక్కడ కనిపిస్తాడు? తళతళలాడే డిస్కులో ఆవిడ మొహమే ఆవిడకు కనిపిస్తోంది.

రెండో కారణం ఒకటుంది. ఆవిడ దాన్ని ఎవరితోనూ పెద్దగా చెప్పుకోలేదు. 2001లో జరిగిన కూతురి పెళ్లి వీడియోలో ఆవిడ తల్లి ఉంది. పందిట్లో కుర్చీలో కూర్చుని, ఎవరినో చెయ్యూపి పిలిచి, ఏదో అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. మొత్తం 38 సెకన్లు. మేళం మోతలో ఆ అన్నదేమిటో వినపడదు. ఆ పెద్దావిడ 2004లో పోయారు. ఫొటోలు ఉన్నాయి గానీ, కదిలే బొమ్మ ఇదొక్కటే. అసలు క్యాసెట్‌కు బూజు పట్టింది. ఫొటోగ్రాఫరు దాన్ని ముందే రెండు వీసీడీల్లోకి మార్చి ఇచ్చాడు కాబట్టి సరిపోయింది. కాకపోతే ఆ రెండో వీసీడీ చేతులు మారీ మారీ బాగా గీతలు పడింది. నెట్ సెంటర్‌లో ఇంకో కాపీ తీయించబోతే కంప్యూటర్ సగంలోనే మొరాయించింది.

పై వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి ఓ పేరున్న కంపెనీ ప్లేయర్ కొన్నాడు. ఏడు వేల పైచిలుకు పెట్టాడు. "మాస్టారూ, ఎలక్ట్రానిక్ వస్తువు పేరు చూసి కొనాలండీ. చైనా సరుకు మూణ్ణాళ్ల ముచ్చటే" అని సలహా కూడా ఇచ్చాడు. సలహాలో తప్పేం లేదు. మాస్టారు తమ పెళ్లి వీసీడీ పట్టుకుని పైకి వెళ్లారు. మొదటి డిస్కు దివ్యంగా ఆడింది. రెండో డిస్కు సరిగ్గా ఆ పెద్దావిడ చెయ్యి పైకెత్తే చోట ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే! ఎంతసేపు చూసినా అంతే. చివరికి డిస్కు బయటికి వచ్చేసింది. మనవడి డిస్కు బానే ఆడింది గానీ, ఆ ఇంటివాళ్లు భోజనానికి లేచే వేళ అయ్యేసరికి సగంలో ఆపుకుని కిందికి రావాల్సివచ్చింది.

ఆ రాత్రి మాస్టారు నోట్‌బుక్కు తీశారు. ఆయనకు ఓ అలవాటు. ఏ లెక్కయినా ముందు ప్రశ్న సరిగ్గా రాసుకుంటారు. 'మంచి ప్లేయర్ ఏది?' అని రాసి కొట్టేశారు. దాని కింద 'మా ఇంట్లో ఉన్న డిస్కులు ఆడించే ప్లేయర్ ఏది?' అని రాశారు. ప్రశ్న మారేసరికి లెక్కంతా మారిపోయింది.

మరి అప్పటి బజారు ఎలా ఉండేదో గుర్తుందా? డీవీడీ మొదట జపాన్‌లో 1996లో, ఆ మరుసటేడు అమెరికాలో అమ్మకానికి వచ్చింది. కొన్నేళ్లు అది డబ్బున్నవాళ్ల వస్తువే. తర్వాత చైనా ఫ్యాక్టరీలు రంగంలోకి దిగాయి. 1990ల్లో వీసీడీ ప్లేయర్లు కోట్లలో తయారుచేసి చేయి తిరిగిన ఫ్యాక్టరీలు అవి. డీవీడీ ప్లేయర్ మూత విప్పితే లోపల మూడే మూడు కనిపిస్తాయి: డిస్కును తిప్పి లేజర్‌తో చదివే భాగం, ఒక పెద్ద చిప్పు ఉన్న బోర్డు, కరెంటు సరఫరా చేసే చిన్న బోర్డు. మిగతాదంతా గాలే. ఈ మూడూ బజార్లో విడివిడిగా దొరుకుతుంటే బిగించేవాళ్లకు కొదవేముంది? ధర దభీమని పడింది. ఇందులో ఒక మరక కూడా ఉంది. డీవీడీ మీద పేటెంట్లున్న ఫిలిప్స్, సోనీ, పయనీర్, తోషిబా వంటి కంపెనీలకు ప్రతి ప్లేయర్ మీదా కొన్ని డాలర్లు రుసుం కట్టాలి. 2002లో చైనా తయారీదార్లతో దాని మీద పెద్ద బేరమే నడిచింది. ఆ రుసుం ఎగ్గొట్టిన పెట్టెలు కూడా బజార్లో బోలెడు తిరిగాయి. అలా మిగిలిన డబ్బును వస్తువు గొప్పతనం కింద లెక్కేయకూడదు.

మాస్టారు ఓ ఆదివారం గుడ్డసంచిలో ఏడు డిస్కులు వేసుకుని కోఠి బస్సెక్కారు. పెళ్లి వీసీడీ రెండోది, మనవడి డీవీడీ, ఎండలకు వచ్చినప్పుడు మనవడు మర్చిపోయి వెళ్లిన అమెరికా కార్టూన్ డిస్కు, ఘంటసాల పాటలున్న ఎంపీత్రీ సీడీ, 'మాయాబజార్' డీవీడీ, అద్దె షాపువాణ్ని బతిమాలి తెచ్చిన అతి అధ్వాన్నపు సినిమా డిస్కు ఒకటి. ఏడోది ఖాళీ డిస్కు. అందులో ఏమీ లేదు. "ఇదెందుకండీ?" అని అడిగింది భార్య. "సున్నా ఇచ్చినప్పుడు ఏం చేస్తుందో చూడాలిగా!" అన్నారాయన.

గుజరాతీ గల్లీలో మొదటి షాపతను, "డిస్కులేసి చూడాల్నా? సీల్ తీస్తే పీస్ పోతది సార్" అన్నాడు. రెండో అతను సంచి చూసి నవ్వి, బేరం కూడా చేయలేదు. మూడో షాపులో కుర్రాడు మాత్రం, "ఏస్కోండి సార్. ఏడు కాకపోతే పది ఏస్కోండి. గిరాకీ ఎట్లాగూ లేదు" అన్నాడు.

ఆ షాపులో పెట్టె మీద పెట్టె పేర్చి ఉన్నాయి. బాగా తెలిసిన కంపెనీ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి పెట్టుకున్న పేర్లే ఎక్కువ. అట్టల మీద రాతలు చూస్తే కళ్లు తిరుగుతాయి. 5.1 చానెళ్ల సౌండ్, వేలల్లో పీఎంపీవో వాట్లు, కరావొకే మైకు, 300 ఆటలు! పీఎంపీవో వాట్లు అనేది అమ్మేవాడి ఉత్సాహానికి కొలత తప్ప శబ్దానికి కాదు. ఆ పెట్టె కరెంటు మీటరు మీద అన్ని వాట్లు నిజంగా లాగితే వీధి మొత్తం ఫ్యూజు పోవాలి. 5.1 సంగతి కూడా అంతే. పెట్టె వెనక ఆరు ఆడియో రంధ్రాలున్నాయి సరే. వాటికి తగిలించడానికి ఇంట్లో ఆరు స్పీకర్లున్నాయా? 'ప్రోగ్రెసివ్ స్కాన్' అన్నది ఇంకో మాట. దాన్ని అందుకునే టీవీ ఇంట్లో ఉంటేనే దానికి విలువ. మాస్టారి ఇంట్లో పాత గాజు ట్యూబు టీవీకి తెలిసింది పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు మాత్రమే. ఆయన ఒక్కో గొప్పనూ చదివి, 'మా ఇంట్లో పనికొస్తుందా' అని అడుగుతూ పోయారు. నలభై గొప్పల్లో నాలుగు మిగిలాయి.

అప్పుడు డిస్కుల పరీక్ష మొదలైంది.

మాయాబజార్‌కు ఇబ్బంది రాలేదు. కంపెనీ డిస్కు కదా, ఏ ప్లేయరైనా ఆడిస్తుంది. అందుకే దాన్ని వేసి ప్లేయర్‌ను మెచ్చుకోవడంలో అర్థం లేదు. షాపులవాళ్లు పెట్టుకునే డెమో డిస్కులన్నీ ఇలాంటివే. అయితే వీసీడీకీ డీవీడీకీ తేడా మాత్రం ఈ సినిమాతో బాగా తెలుస్తుంది. సుమారు మూడు గంటల సినిమా. 74 నిమిషాలు పట్టే వీసీడీల్లో అయితే మూడు డిస్కులు మార్చాలి. డీవీడీలో ఒక్కటి చాలు. బొమ్మ లెక్క చూస్తే వీసీడీలో 352 అడ్డం, 288 నిలువు చుక్కలు. డీవీడీలో 720, 576. అంటే నాలుగు రెట్లు. కాకపోతే పసుపు వైరు గుండా 21 అంగుళాల టీవీలోకి వచ్చేసరికి ఆ నాలుగు రెట్లూ కంటికి నాలుగు రెట్లుగా కనపడవు.

కార్టూన్ డిస్కు దగ్గర చిత్రం జరిగింది. సినిమా కంపెనీలు డీవీడీల కోసం ప్రపంచాన్ని మండలాలుగా పంచుకున్నాయి. అమెరికా ఒకటో నంబరు, మన దేశం ఐదో నంబరు. పద్ధతి ప్రకారం ఒకటో నంబరు డిస్కు ఐదో నంబరు ప్లేయర్లో ఆడకూడదు. పై వాటా ఏడు వేల ప్లేయర్ ఆ పద్ధతిని బుద్ధిగా పాటించి 'ఈ డిస్కు ఇక్కడ చెల్లదు' అని చెప్పేసింది. ఈ పేరులేని పెట్టెకు ఆ పట్టింపేమీ లేదు. వేయగానే ఆడింది. ఎక్కువ డబ్బు పోసి కొన్నవాడు తక్కువ డిస్కులు చూడాలి, తక్కువ పెట్టినవాడు అన్నీ చూడొచ్చు! వస్తువు విలువ ఇలా తలకిందులుగా ఉండటం మాస్టారికి తెగ నచ్చింది.

మనవడి డిస్కు వేశారు. మనవడు వచ్చాడు గానీ నలుపు తెలుపుల్లో వచ్చాడు, పైగా పైనుంచి కిందికి జారిపోతూ! షాపులో ఉన్నది కూడా పాత టీవీయే మరి. కుర్రాడు రిమోట్ తీసుకుని సెటప్‌లోకి వెళ్లి ఏదో నొక్కాడు. రంగులు వచ్చేశాయి. అమెరికా టీవీల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. సెకనుకు 30 బొమ్మలు, 525 గీతలు. మనది పాల్. 25 బొమ్మలు, 625 గీతలు. డిస్కు ఏ పద్ధతిలో ఉంటే ఆ పద్ధతిలోనే టీవీకి పంపితే పాత టీవీలు తెల్లబోతాయి. ప్లేయరే దాన్ని పాల్‌లోకి మార్చి పంపితే గొడవ లేదు. సెటప్‌లో టీవీ టైప్ దగ్గర 'ఆటో' తీసేసి 'పాల్' పెట్టడమే. విదేశాల్లో పిల్లలున్న ఎన్ని ఇళ్లలో ఈ ఒక్క మీట తెలియక 'డిస్కు పాడైంది' అనుకున్నారో!

ఖాళీ డిస్కు వేస్తే పది సెకన్లు వెతికి, డిస్కు లేదని చెప్పి ఊరుకుంది. అంతకుముందు చూసిన ఇంకో మోడల్ మాత్రం ఖాళీ డిస్కును మింగేసి బిగుసుకుపోయింది. ప్లగ్గు పీకితే గానీ తేరుకోలేదు. దాన్ని పక్కన పెట్టించారు.

అసలు పరీక్ష చివర్లో. పెళ్లి వీసీడీ రెండోది. కుర్రాడు ముందుకు పరిగెత్తించబోతే మాస్టారు వద్దన్నారు. "ఆడనీ బాబూ" అన్నారు. ఆ చోటు వచ్చింది. పెద్దావిడ చెయ్యి ఎత్తింది. బొమ్మ అంతా గళ్లు గళ్లు అయిపోయింది. ఓ రెండు సెకన్లు మొహం ముక్కలు ముక్కలుగా విడిపోయి, మళ్లీ అతుక్కుంది. ఆవిడ ఏదో అని, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్లేయర్ ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? మామూలు డేటా సీడీల్లో తప్పులు దిద్దుకోవడానికి అదనంగా కొంత చోటు వదులుతారు. వీసీడీలో బొమ్మ ఎక్కువ పట్టాలని ఆ చోటు కూడా వాడేస్తారు. అందుకే చిన్న గీతకే అది కకావికలవుతుంది. అలాంటప్పుడు ప్లేయర్ చేయగలిగినవి రెండే. చదవలేని చోటే మళ్లీ మళ్లీ చదవబోయి అక్కడే కూలబడటం, లేదా పోయినంత పోనిచ్చి ముందుకు సాగిపోవడం. మాస్టారికి ఈ రెండు రకాలూ తెలుసు. రాని లెక్క దగ్గర పెన్ను పట్టుకుని గంట కూర్చునే పిల్లాడు ఒకడు. తెలిసినంత రాసి, చోటు వదిలి, తర్వాతి లెక్కకు వెళ్లేవాడు ఇంకొకడు. తెలివి ఇద్దరికీ ఉండొచ్చు. పాసయ్యేది మాత్రం రెండోవాడే. వీసీడీల రాజ్యంలో పుట్టి పెరిగిన ఆ చవక ప్లేయర్లలో ఇలా సాగిపోయేవి చాలానే కనిపించేవి. గీతలు పడిన డిస్కులతో బతికే అద్దె షాపులవాళ్లు వాటినే మెచ్చుకునేవారు.

ధర 2,100 చెప్పాడు కుర్రాడు. 1,850కి తెగింది. గ్యారెంటీ అడిగితే చేతితో రాసిన చీటీ ఇచ్చాడు. ఆ చీటీ విలువ మాస్టారు సున్నా కింద వేసుకున్నారు.

ఇంటికి వచ్చాక అది రోజూ చేసిన పని ఇంకోటి. ఎవరూ ఊహించనిది. పొద్దున్నే టీవీ వేయకుండా ప్లేయర్ను చిన్న స్పీకర్ల జతకు తగిలించి ఘంటసాల సీడీ పెట్టేవారు. ఒక్క సీడీలో 150 పాటలు. ఆవిడ వంటింట్లో ఉండి, "ఏవండీ, ఇది ముందుకు పోనివ్వండి" అంటే రిమోట్ నొక్కడం ఆయన పని. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీలు 28 రూపాయలకు, డీవీడీలు 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక అసలైన డిస్కు కొనడం మధ్యతరగతికి కూడా చేతికందింది. అంతకుముందు ఆ ధరకు దొరికేవి దొంగ ప్రింట్లే. ఇంట్లో డిస్కులు పెరిగాయి. ఆ ఏడే కూతురు పంపిన రెండో డీవీడీ ఎంతకీ ఆడకపోతే, ఈసారి పెట్టె పనైపోయిందనుకున్నారు. తీరా చూస్తే తప్పు దానిది కాదు. కెమెరాలో రాసిన డిస్కును చివర్లో 'ఫైనలైజ్' చేసి మూయాలి. అది చేయకుండా పంపితే ఏ ప్లేయరూ చదవదు.

మూణ్ణాళ్ల ముచ్చట కాలేదు గానీ, పెట్టె అమరమూ కాదు. 2009లో ఓ రోజు ఎర్రదీపం కూడా వెలగలేదు. మెకానిక్ మూత విప్పి, కరెంటు బోర్డు మీద రెండు కెపాసిటర్లు ఉబ్బి ఉండటం చూపించాడు. చవక ప్లేయర్ల జబ్బుల్లో మొదటిది ఇదే. అక్కడే పైసా పైసా మిగుల్చుకుంటారు. 150 తీసుకుని మార్చాడు. తర్వాత ట్రే బయటికి రావడం మానేసింది. లోపలి రబ్బరు బెల్టు సాగింది. దానికి 40. 2012లో లెన్సు నీరసించి డీవీడీలు చదవడం మానేసి, వీసీడీలు మాత్రం చదువుతూ వచ్చింది. ఇదీ వింతేం కాదు. డీవీడీకి ఒక లేజరు, సీడీకి ఇంకో లేజరు. ఒకటి పోయినా రెండోది ఉండొచ్చు. ఆ లెన్సు భాగం ఎన్నో రకాల ప్లేయర్లకు ఒకటే కావడంతో 350కి దొరికింది. పై వాటా ప్లేయర్ కూడా ఆ మధ్యే మూలపడింది. దాని బోర్డు రావడం లేదని సర్వీసువాళ్లు చేతులెత్తేశారు. విడిభాగం వీధి చివర దొరకడం కూడా వస్తువు ధరలో కలిపి చూడాల్సిన సంగతే. అట్టపెట్టె మీద అది ఎవరూ రాయరు.

మాస్టారి నోట్‌బుక్కులో ఈ ఖర్చంతా ఉంది. 1,850, 150, 40, 350. మొత్తం 2,390. 2022 నాటికి పదహారేళ్లు. ఏడాదికి 150 రూపాయలు కూడా పడలేదు.

ఈలోగా లోకం డిస్కును దాటి వెళ్లిపోయింది. మోజర్ బేర్‌ను మూసి ఆస్తులు అమ్మేయాలని 2018లో ట్రిబ్యునల్ ఆదేశించింది. అమెరికాలో పోస్టులో డీవీడీలు పంపి పెరిగిన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023లో ఆ పని ఆపేసింది. మాస్టారి ఇంటికీ పెద్ద తెర టీవీ వచ్చింది. దాని తెరలోని చుక్కలు డీవీడీ బొమ్మకు సరిగ్గా 20 రెట్లు. ఆ తెర మీద పాత వీసీడీ వేస్తే నీళ్లలో తడిసిన కాగితంలా ఉంటుంది. పెట్టెను పాత ఇనప సామాన్లవాడికి వేసేద్దామన్నారు బంధువులు. మాస్టారు వినలేదు.

2022 సంక్రాంతికి వచ్చిన మేనల్లుడి కొడుకు పెళ్లి డిస్కును ఫోన్లోకి మార్చిపెడతానన్నాడు. లాప్‌టాప్‌కు డిస్కు పెట్టే చోటే లేదు. అరువు తెచ్చిన బయటి డ్రైవు రెండో డిస్కును చూసి, పూర్వం నెట్ సెంటర్ కంప్యూటర్ లాగే మొరాయించింది. అప్పుడు మళ్లీ పెట్టె కిందికి దిగింది. వీడియోను కంప్యూటర్లోకి పట్టే చిన్న పరికరం ఒకటి తెప్పించి, పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు దానికి తగిలించారు. ఇందులో తొందరపెట్టడానికి లేదు. గంట డిస్కుకు గంట పడుతుంది. మాస్టారు డిస్కును మెత్తటి గుడ్డతో నడిమధ్య నుంచి అంచు దాకా నిలువుగా తుడిచి పెట్టారు. గుండ్రంగా తుడిస్తే పడే గీతలే డిస్కును చంపుతాయి. ఎవరూ స్విచ్చి కట్టేయకుండా ఆవిడ ప్లగ్గు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. గళ్లు వచ్చే ఆ రెండు సెకన్లు వచ్చాయి, పోయాయి.

38 సెకన్ల ముక్క కత్తిరించి న్యూజెర్సీకి పంపారు. కాసేపటికి కూతురి నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, అమ్మమ్మ చీర రంగేంటే? ఎరుపా, నలుపా? మసకగా ఉంది, తెలియట్లేదు."

"వంకాయ రంగు. ఆకుపచ్చ అంచు" అంది ఆవిడ, ఫోను వంక చూడకుండానే.